మాత్ర వద్దన్నారు, జ్వరాన్ని ఉండనిచ్చారు

ఐదో నెలలో స్వైన్ ఫ్లూ వచ్చింది. "కడుపుతో ఉన్నప్పుడు మాత్రలేంటమ్మా, మిరియాల కషాయం తాగు" అన్నారు అత్తయ్య. ప్రేమతోనే అన్నారు. జ్వరం 103 దాటాక కూడా అదే మాట!

ఆ రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడలేదు. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 92 చూపించింది. గర్భిణికి 95 కన్నా తగ్గిన వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. పొట్ట పెరిగేకొద్దీ డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) పైకి జరిగి ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తగ్గుతుంది, ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం 20 శాతం దాకా పెరుగుతుంది. అందుకే ఒకసారి తగ్గడం మొదలైతే వేగంగా పడిపోతుంది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఫ్లూ వైరస్‌కి వాడే ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 5 రోజులు. జ్వరానికి పారాసిటమాల్ 650, ఆరు గంటలకోసారి. ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. నొప్పికీ జ్వరానికీ వాడే ఐబుప్రోఫెన్ మాత్రం 20 వారాలు దాటాక సొంతంగా వేసుకోకూడదు.

డ్యూటీ డాక్టర్ కేస్ షీట్ తిప్పుతూ, "ఇంత జ్వరం! బిడ్డ బ్రెయిన్ ఎలా ఉంటుందో మరి" అనేసి పక్క బెడ్డుకి వెళ్లిపోయాడు. తెల్లారేదాకా కన్ను మూయలేదు. పొద్దున పెద్ద డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పింది. ఆవిడకి దండం పెట్టాలి. ఫ్లూ వైరస్ మాయ దాటి బిడ్డను చేరడం అరుదు. తల్లి ఒంట్లో ఇన్ఫెక్షన్‌తో పోరాడుతూ పుట్టే ఐఎల్-6 లాంటి రసాయనాలు, తగ్గని జ్వరం, ఆక్సిజన్ లేమి, వీటివల్లే మెదడు ఎదుగుదలకు ఇబ్బంది రావొచ్చు. మొదటి నెలన్నరలో, న్యూరల్ ట్యూబ్ (బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) మూసుకునే సమయంలో, తీవ్ర జ్వరం వెన్ను లోపాలకు దారితీయొచ్చు. 1957 ఫ్లూ నాటి హెల్సింకీ పిల్లల మీద 1988లో వచ్చిన అధ్యయనం రెండో త్రైమాసికంలో తల్లికి ఫ్లూ సోకడానికీ, పిల్లలకు పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా (తీవ్రమైన మానసిక జబ్బు) రావడానికీ లంకె చూపింది, తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. ఫ్లూ వచ్చిన తల్లుల పిల్లల్లో ఎక్కువమంది మామూలుగానే ఎదుగుతారు.

బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో తల చుట్టుకొలత వారాలకు తగ్గట్టే ఉంది. కానీ స్కాన్ తెలివిని కొలవదు. పుట్టాక మెడ నిలపడం, కూర్చోవడం, పిలిస్తే తిరగడం, మాటలు గమనించాలి. మా పాపకి అన్నీ వేళకే వచ్చాయి, వెంకన్న దయ.

ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు మామూలుగా వేసేది టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షన్. ఫ్లూ టీకా మనమే అడిగి వేయించుకోవాలి: ముక్కులో కొట్టేది కాదు, భుజానికి వేసే 0.5 మి.లీ. నిర్జీవ టీకా. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ప్రతి నెలా చెకప్‌కి వెళ్లినా దాని పేరెత్తినవాళ్లు ఒక్కరూ లేరు.