అరికాలిలోని చక్రం

అమరావతిలో అమరలింగేశ్వరుని దర్శనం చేసుకుని, ఎండ ముదరకముందే అక్కడి పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్లాను. స్తూపం నుంచి తెచ్చిన తెల్లని సున్నపురాతి పలకల్లో ఒకదాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని ముందు పీఠం మీద రెండు పాదముద్రలు, ఒక్కొక్క అరికాలి నడుమ చువ్వలతో సహా చెక్కిన చక్రం, చుట్టూ మోకరిల్లి చేతులు జోడించిన జనం. బుద్ధుడు మాత్రం లేడు. ఆ తరువాత చెక్కిన పలకల్లో ఆయన మానవరూపంలోనూ కనిపిస్తాడు.

ఆ చక్రాలను చూడగానే బౌద్ధుల పాలి గ్రంథమైన అంగుత్తర నికాయంలోని దోణుడు గుర్తుకు వచ్చాడు. దారిలో చక్రపు గుర్తులున్న అడుగులు చూసి, ఇవి మనిషివి కావనుకుని, వాటి వెంటే నడిచి చెట్టు కింద కూర్చున్న బుద్ధుణ్ణి చేరిన బ్రాహ్మణుడాయన. తమరు దేవతలా, గంధర్వులా, యక్షులా, పోనీ మానవులా అని ఒక్కొక్కటే అడిగితే, ప్రతిదానికీ కాదనే జవాబు వచ్చింది. నీటిలో పుట్టి నీరంటని తామరలాగా లోకంలో పెరిగి లోకాన్ని దాటాను, నన్ను బుద్ధుడని తెలుసుకో అన్నాడాయన. చిన్ననాటి నుంచీ ఆయనను దశావతారాల్లో ఒకరిగా లెక్కపెట్టుకున్న నేను, ఆయన తన గురించి చెప్పిన ఈ మాటను ఇన్నేళ్లూ చెవిని పెట్టనందుకు నిజంగా బాధపడ్డాను.

రెండు రోజుల తరువాత మెదక్ చర్చిలో, 1924లో ప్రతిష్ఠించిన ఆ మందిరపు రంగు గాజు కిటికీల మీద ఏసు జననం, సిలువ, ఆరోహణం చూశాను. బయటి నుంచి పగటి వెలుగు పడితేనే ఆ రంగులు మేల్కొంటాయి. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని 325లో క్రైస్తవ మతపెద్దల నైసియా సభ తీర్మానించింది కనుక, అక్కడ తొట్టెలో పడుకున్న పసివాడు సాక్షాత్తు దేవుడే. ఇది మా అవతారం వంటిదే కదా అని పక్కనున్న పెద్దాయనతో అంటే, “అవతారాలు మళ్లీ మళ్లీ వస్తాయి కదండీ, మా ప్రభువు ఒక్కసారే శరీరధారి అయ్యాడు” అని నెమ్మదిగా దిద్దారు.

తిరుగు ప్రయాణంలో చూసిన హైదరాబాదు మక్కా మసీదులో ఏ రూపమూ లేదు. నమాజులో కూర్చుని పలికే సాక్ష్యవాక్యంలో ముహమ్మద్ అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త. రామదాసు కీర్తనలు పాడుకునే ఇంట పుట్టినందువల్ల కాబోలు, నా చెవి ఆ క్రమం దగ్గరే ఆగింది: దాసుడన్న మాట ముందు, ప్రవక్త అన్న మాట తరువాత.