కొచ్చిలో నీళ్ల రాతలు, వంద మైకులు

జనవరిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బోగీ నిండా అయ్యప్ప స్వాములే. నల్గొండ దాటకముందే భజన అందుకున్నారు. మేం ఎర్నాకుళంలో దిగిపోతామంటే ఎదురు బెర్తు స్వామి ఆశ్చర్యపోయాడు. "ఇంత దూరం వచ్చి కొండకు రారా? కొచ్చిలో ఏముంది స్వామీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మామ "బొమ్మల కొలువు" అని తేల్చేశాడు. నేనూ సరిదిద్దలేదు. రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన కొచ్చి-ముజిరిస్ బియనాలె గురించి ఆ భజనలో ఏం వివరిస్తాం?

ఇది 2019 నాటి సంగతి. 2012 డిసెంబర్‌లో మొదలైన ఆ ప్రదర్శనకు అది నాలుగో విడత. ఎవరి పనులు పెట్టాలో ఎంచే క్యూరేటర్ కళాకారిణి అనితా దూబే. ఆ బాధ్యత ఒక మహిళ చేతికి రావడం అక్కడ అదే మొదటిసారి. మామ రిటైరైన తెలుగు పండితుడు, మహబూబాబాద్ వైపు. మోడరన్ ఆర్ట్ అంటే వచ్చేవాడు కాదు కాబట్టి కేరళ చూద్దాం అని మాత్రమే చెప్పి బయల్దేరదీశాను.

ఎర్నాకుళం జెట్టీలో సర్కారు పడవ ఎక్కితే సిటీ బస్సు కన్నా చవగ్గా ఫోర్ట్ కొచ్చిలో దింపుతుంది. అక్కణ్నుంచి ప్రదర్శన పెట్టిన ఆస్పిన్‌వాల్ హౌస్‌కు నడిచే వెళ్లొచ్చు. 1867లో ఆస్పిన్‌వాల్ అనే ఇంగ్లిష్ వ్యాపారి పెట్టిన కంపెనీ ఆవరణ అది. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరినూనె ఇక్కణ్నుంచే ఓడలెక్కేవి. మేం వెళ్లినప్పుడు ఆ గోదాముల్లో ఎయిర్ కండిషన్ లేదు, పాలరాయి నేల లేదు. పెచ్చులూడిన గోడలు, కిటికీలోంచి ఉప్పుగాలి. నాకైతే పెద్ద పెద్ద మ్యూజియంల కన్నా ఇదే నచ్చింది.

ఈ మధ్య ఇంటరాక్టివ్, అంటే చూసేవాళ్లూ చెయ్యి కలిపే కళ అనగానే చెయ్యి ఊపితే రంగులు మారే లైట్లు, వాటి ముందు సెల్ఫీల క్యూ. ఇక్కడ చైనా కళాకారుడు సాంగ్ డాంగ్ పెట్టిన 'వాటర్ టెంపుల్'లో బ్రష్షులు, నీళ్లు తప్ప ఇంకేం లేవు. ఎవరైనా బ్రష్షు నీళ్లలో ముంచి గోడ మీద ఏదైనా రాయొచ్చు. ఆయన 1995 నుంచి రాతిపలక మీద నీళ్లతో డైరీ రాస్తున్నాడట. రాసింది రాసినట్టే ఆరిపోతుంది కాబట్టి ఎవరూ చదవలేరు.

మామ ముందు దూరంగా నిలబడ్డాడు. పక్కన స్కూలు పిల్లాడొకడు 'కోహ్లీ' అని ఇంగ్లిష్‌లో రాసి, కింద బ్యాటు బొమ్మ గీస్తున్నాడు. అది చూసి ధైర్యం వచ్చిందో ఏమో, మామ బ్రష్షు తీసుకున్నాడు. బ్లాక్‌బోర్డు మీద నలభై ఏళ్లు రాసిన చెయ్యి కదా, గుండ్రటి అక్షరాలు, తలకట్లు కుదురుగా పడ్డాయి. పోతన పద్యం. మూడో పాదంలోకి వచ్చేసరికి మొదటి పాదం చివరి నుంచి మాయమవడం మొదలైంది. మామ వెనక్కొచ్చి ఆరిపోయిన చోట మళ్లీ దిద్దాడు. ఈలోపు కింది పాదం పోయింది. "గిదేందిరా, నన్ను ఆటాడిస్తాంది!" అని నవ్వాడు. ఆ తర్వాత వదల్లేదు. పిల్లాడు బ్యాటు వదిలేసి ఈ కొత్త లిపి తన చేత్తో ఎక్కించే ప్రయత్నం చేశాడు. 'అ' అచ్చం పాములా వచ్చింది. మామ వాడి చెయ్యి పట్టి దిద్దించాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు.

గోడల మీద అంటించిన ఇంగ్లిష్ వివరణల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఒక్కో వాక్యం పట్టుకుంటే ఓ పట్టాన ముగియదు. ఇదే ఆవరణలో బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా, 2018 వరదలో పాడైన కేరళ ఇళ్ల సామాను పైకప్పు నుంచి వేలాడదీసింది. ఫ్రిజ్‌లు, పుస్తకాలు, కుర్చీలు మన నెత్తి మీదే ఉంటాయి. దానికి వివరణ ఎందుకు? అక్కడ మలయాళీ ఆడవాళ్లు కొందరు పైకి చూస్తూ ఇది ఎవరింటిదో గుర్తుపడుతున్నట్టు మాట్లాడుకుంటున్నారు.

ఎక్కువసేపు ఉండిపోయింది మాత్రం కళాకారిణి శిల్పా గుప్తా ఏర్పాటు చేసిన చీకటి గదిలో. పైనుంచి వంద మైకులు వేలాడుతుంటాయి. ఒక్కోదాని కింద నిలబెట్టిన చువ్వకు, కిరాణా కొట్లో బిల్లులు గుచ్చినట్టు, ఒక కాగితం. దాని మీద కవిత. రాసిన కవి ఏదో ఒక కాలంలో, ఏదో ఒక రాజ్యంలో జైలు పాలైనవాడు. ఎనిమిదో శతాబ్దం నుంచి మన కాలం దాకా వందమంది. ఆ మైకులు మన మాట వినవు, అవే మాట్లాడతాయి. ఒక మూల నుంచి ఒక గొంతు పంక్తి చదువుతుంది, మిగతావి వంత పాడతాయి. అరబ్బీ, రష్యన్, స్పానిష్, హిందీ... ఎటు తిరిగితే అటు వెనక నుంచి ఇంకో గొంతు. ఈ కళాకృతి పేరు, 'నీ నాలుకలో నేను ఇమడలేను' అనే అర్థం వచ్చే మాట, అజర్‌బైజాన్ కవి నసీమీది. పదిహేనో శతాబ్దం మొదట్లో అలెప్పోలో ఆయన చర్మం ఒలిచి చంపారు.

ఇది చెప్పగానే మామ మొహం మారిపోయింది. "మన గోపన్నను గోల్కొండల వెట్టలేదా? దాశరథిని నిజామాబాదు జైల్ల వెట్టలేదా? ఆయన బొగ్గుముక్కతోని గోడ మీద్నే పద్యం రాసిండు" అన్నాడు. అని ఊరుకోలేదు. ఒక మైకు కిందికి పోయి గొంతు సవరించుకున్నాడు.

"మామా, అవి స్పీకర్లే. మనం మాట్లాడితే పలకవు."

"పలకకుంటేంది? గొంతు నాది లేదా?"

రాగం తీసి దాశరథి పద్యం ఎత్తుకున్నాడు. నాకు మొదట టెన్షన్, ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని. ఎవరూ రాలేదు. గదిలో ఏదో భాషలో వంత నడుస్తూనే ఉంది, ఈయన దాని మీదుగా పాడుతున్నాడు. బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీర్ అమ్మాయి పక్కకొచ్చి నిలబడి, అయిపోయాక ఏ భాష అని అడిగింది. తెలుగు అన్నాను. ఇంకోటి పాడమంది. మామ సిగ్గుపడకుండా ఇంకోటి పాడాడు.

మధ్యాహ్నం దగ్గర్లోనే ఉన్న కబ్రాల్ యార్డ్‌కు వెళ్లాం. అక్కడ 'ఎడిబుల్ ఆర్కైవ్స్' అని, దేశంలోని రకరకాల దేశవాళీ బియ్యం వండి వడ్డించే వంటగది కూడా ప్రదర్శనలో భాగమే. అన్నం బాగుంది, కూర నాకు చప్పగా అనిపించింది. మామ మాత్రం మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి, తమ ఊళ్లో చిన్నప్పుడు తిన్న వడ్ల పేర్లు వరుసగా చెప్పడం మొదలుపెట్టాడు. వడ్డించే అమ్మాయికి నేను ఇంగ్లిష్‌లో చెప్పలేక చచ్చాను.

"సాయంత్రం చైనా వలలు చూద్దామా?" అన్నాను చేతులు కడుక్కుంటూ.

"నువ్వు పోయి ఫొటోలు దిగుపో. నాకా మైకుల గదిల ఇంకా సగం కాయితాలు చదువుడు ఉన్నది."