అమ్మమ్మ వంటింట్లో మా పిల్లల సూప్

డిసెంబరు సెలవులకి విదేశం నుంచి వైజాగ్ వచ్చే మాలాంటి కుటుంబాల్లో మొదటి వారమంతా పరీక్షలు పిల్లలకే. "ఆవకాయ తింటారా? చేత్తో కలుపుకుంటారా? తెలుగు అర్థమవుతుందా?" అని వచ్చిన చుట్టాలందరూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతున్నారని నాకు తెలుసు. ఆ సంగతి పిల్లలకెలా తెలుస్తుంది? పదకొండేళ్ళ మా పెద్దమ్మాయి తల దించుకుని అన్నం కెలుకుతూ కూర్చుంటుంది. ఏడేళ్ళ చిన్నవాడు నా వెనక్కి చేరతాడు. భోజనాల దగ్గర అందరి కళ్ళూ వాళ్ళ కంచాల మీదే.

అందుకే తోటి అమ్మానాన్నలకి ఒక మాట చెప్పాలనిపించింది. అమ్మమ్మ ఇంట్లో, నానమ్మ ఇంట్లో మన పిల్లల్ని ఎప్పుడూ తినేవాళ్ళుగానే కూర్చోబెడుతున్నాం. ఒక్క పూటైనా వాళ్ళని వండి పెట్టనివ్వండి. వాళ్ళ చేతికి అలవాటైన వంట ఏదైనా పర్వాలేదు, అది వాళ్ళు పెరుగుతున్న దేశం వంటే కానివ్వండి. మా ఇంట్లో అది చలికాలం కూరగాయల సూప్.

మేముండేది కెనడాలో, ఎడ్మంటన్‌లో. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం నాలుగుంపావుకే పొద్దు గుంకేస్తుంది. చలి ముదిరితే మైనస్ 20, ఒక్కోసారి మైనస్ 30 దాకా దిగుతుంది. పిల్లలు బడి నుంచి రాగానే మంచు బూట్లు, గ్లౌజులు విప్పి హీటర్ దగ్గర ఆరేసుకుని సరాసరి వంటింట్లోకి వస్తారు. పెద్దది క్యారెట్లు చెక్కు తీస్తుంది. చిన్నవాడు పప్పు కడుగుతాడు. ఆరింటికల్లా అందరం బల్ల చుట్టూ ఉంటాం. సరిగ్గా అప్పుడు వైజాగ్‌లో మర్నాడు పొద్దున్న ఆరున్నర. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఫోన్లోకి వస్తుంది. నీళ్ళ జగ్గుకి ఫోన్ ఆనించి పెట్టుకుని, మేం రాత్రి భోజనం చేస్తుంటే ఆవిడ పొద్దుటి కాఫీ తాగుతుంది. ఆ బల్ల దగ్గర మాకు ఒకటే నియమం. అందరూ కూర్చున్నాకే మొదటి చెంచా. ఫోన్లో అమ్మమ్మ కనబడేదాకా చిన్నవాడు చెంచా ముట్టుకోడు.

వైజాగ్ వచ్చాక ఈ నియమం పోయింది. ఎవరూ పనిగట్టుకుని తీసేయలేదు, ఆ ఇంటి పద్ధతి వేరు, అంతే. ముందు పిల్లలకి పెట్టేస్తారు. తర్వాత తాతయ్యకి, మగవాళ్ళకి. అమ్మ అందరికీ వడ్డించి, చివర్లో గిన్నెలు సర్దుతూ తింటుంది. నేనూ అలాగే పెరిగాను కాబట్టి నాకు వింతేమీ అనిపించలేదు. చిన్నవాడే ఒకరోజు అడిగాడు, "అమ్మా, ఇక్కడ మన డిన్నర్ ఎప్పుడు?" అని. అప్పటికి కడుపునిండా తిని చేయి కడుక్కుని వచ్చాడు. వాడు అడుగుతున్నది తిండి గురించి కాదని నాకు అర్థమైంది.

అమ్మని అడిగాను, రేపు రాత్రికి పిల్లలు సూప్ చేస్తారని. "చలి లేదు, జ్వరం లేదు, సూపెందుకే?" అంది. మా వైపు పల్చటివి తాగడమంటే ఒంట్లో బాగోనప్పుడే కదా. పైగా వైజాగ్ చలి 18 డిగ్రీలు అటూ ఇటూ. దానికే నాన్న మఫ్లర్ చుట్టుకుంటారు, పిల్లలు బీచ్ రోడ్డులో టీషర్టులతో మురీ మిక్చర్ తింటూ తిరుగుతారు. "అన్నం మానేయమనడం లేదమ్మా, అన్నం కూడా వండుదాం" అన్నాక కుదుటపడింది. ఈ మాట ముఖ్యం. రాత్రికి అన్నం లేదంటే ఆ తరం వాళ్ళకి పిల్లలు పస్తు పడుకున్నట్టే ఉంటుంది. మన వంట వాళ్ళ వంట పక్కన చేరాలి గానీ దాన్ని పక్కకి నెట్టేసి కూర్చోకూడదు.

మర్నాడు పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్ళాం. పిల్లలు వారాంతాల్లో నేర్చుకున్న తెలుగు అక్షరాలకి అంతకన్నా మంచి చోటు నాకు ఎక్కడా కనబడలేదు. కూరల పేర్లూ ధరలూ రాసిన బోర్డు ఉంటుంది కదా, పెద్దమ్మాయి దాని ముందు నిలబడి ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివింది. బెండకాయ, బీరకాయ, దొండకాయ. వెనక జనం తోసుకుంటున్నా కదల్లేదు. పుస్తకంలో అయితే పది నిమిషాలకే విసుగొచ్చేస్తుంది. ఇక్కడ చదివితేనే సంచిలోకి కూర వస్తుంది మరి.

ఏజెన్సీ నుంచి, అంటే అరకు, పాడేరు కొండల నుంచి దిగే కూరలకి ఈ కాలం మంచిది. క్యారెట్, బీన్స్, క్యాబేజీ నవనవలాడుతుంటాయి. నా చిన్నప్పుడు అరకు, పాడేరు మా జిల్లాలోనే ఉండేవి. 2022 నుంచి అవి అల్లూరి సీతారామరాజు జిల్లా. అంతకుముందు వారమే పిల్లల్ని రైల్లో అరకు తీసుకెళ్ళాం. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లని అల్లుకుని మిరియాల తీగలు పాకడం చూశారు. అక్కడ కొన్న మిరియాలే సూప్‌లోకి తీశాం.

కిరాణా కొట్లో మసూర్ పప్పు కొన్నప్పుడు పిల్లలకి ఒక సంగతి చెప్పాను. మన దేశం దిగుమతి చేసుకునే మసూర్‌లో కెనడా నుంచి వచ్చేది చాలా ఉంది. అక్కడ అది ఎక్కువగా పండేది సస్కాచెవాన్‌లో, అంటే మా ఆల్బర్టాకి తూర్పున ఆనుకుని ఉన్న రాష్ట్రంలో. కారులో వెళ్తూ ఆ పొలాలు వాళ్ళు చూసినవే. చిన్నవాడికి ఇది ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చాక పప్పు డబ్బా పట్టుకుని తాతయ్యకి, పనమ్మాయికి, పక్కింటివాళ్ళకి కూడా చెప్పి వచ్చాడు. మొదటిసారి వాడే ఎదుటివాళ్ళకి ఏదో చెబుతున్నాడు, వాళ్ళు వింటున్నారు. వచ్చీరాని తెలుగే. ఎవరూ తప్పులు పట్టలేదు, ఎందుకంటే అందరి ధ్యాసా విషయం మీదే ఉంది.

ఇక వంట. ఆరుగురికి అరకప్పు మసూర్ పప్పు, రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు క్యారెట్లు, పావుకిలో తీపి గుమ్మడి, ఒక బంగాళదుంప, గుప్పెడు బీన్స్, చిన్న క్యాబేజీలో పావు వంతు, రెండు టమాటాలు, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క. ఎడ్మంటన్‌లో సెలరీ వేస్తాం. ఇక్కడ దాని కోసం ఊరంతా తిరగలేదు, కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేశాం. ఆకు చివర చల్లుకోవడానికి ఉంచాలి.

గుమ్మడికాయ దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. నాన్న ఉత్సాహం కొద్దీ ముక్క బదులు చిన్న కాయే తెచ్చేశారు. మా ఇంట్లో గుమ్మడికాయకి మొదటి వేటు మగవాళ్ళే వేయాలి. పెద్దమ్మాయి వెంటనే "ఎందుకు?" అంది. అమ్మ "మా అత్తగారు అలాగే చెప్పారమ్మా" అంది. పిల్ల నా వైపు చూసింది. ఇలాంటప్పుడు రెండు తేలిక దారులుంటాయి. నోరు మూసుకో అనడం ఒకటి, మీ అమ్మమ్మవి పాతకాలం మాటలు అనేయడం ఇంకొకటి. రెండూ పిల్లలకి నష్టమే అని నా నమ్మకం. "నాకు ఆ పట్టింపు లేదు, మన ఇంట్లో నేనే కోస్తాను. ఇది అమ్మమ్మ ఇల్లు, ఆవిడకి మనసు ఒప్పేలా చేద్దాం" అని అమ్మ ముందే చెప్పాను. తాతయ్య కత్తి పెట్టారు, ఆయన చేతి మీద మనవరాలు చెయ్యి వేసింది. కాయ రెండు చెక్కలయింది. మిగతా ముక్కలన్నీ అదే కోసింది. అమ్మ ఏమీ అనలేదు.

మందపాటి గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేసి, ఉల్లిపాయ, కొత్తిమీర కాడలు, కాస్త ఉప్పు వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వాలి. రంగు మారకూడదు, మెత్తబడాలి. సూప్‌లో తియ్యదనమంతా ఇక్కడే పుడుతుంది. తొందరపడి సెగ పెంచితే వేపుడు వాసన వస్తుంది. తర్వాత అల్లం, వెల్లుల్లి. అవి కమ్మటి వాసన వచ్చాక గట్టి కూరలు ముందు, అంటే క్యారెట్, బంగాళదుంప, గుమ్మడి. కడిగిన పప్పు, ఏడు గ్లాసుల నీళ్ళు. పావుగంట ఉడికాక బీన్స్, క్యాబేజీ. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా. ముందే వేస్తే పులుపు తగిలి పప్పూ ముక్కలూ ఉడకడం ఆలస్యమవుతుంది. చింతపండు రసంలో వేసిన ముక్క త్వరగా ఉడకదని అమ్మకి ఎప్పటినుంచో తెలుసు. మనవరాలు అదే మాట చెబితే "అవును మరి, అందుకే పులుసు ముక్కలు నేను ముందు ఉడికించుకుంటాను" అంది. ఆ పది నిమిషాలూ వాళ్ళిద్దరూ ఒక పనిలో ఉన్న ఇద్దరు మనుషుల్లా మాట్లాడుకున్నారు. ఆ మాటలు వింటూ పక్కన నిలబడటం నాకు ఎంత ఇష్టంగా ఉందో చెప్పలేను.

కుక్కర్లో పెట్టేద్దాం అని అమ్మ అంది గానీ మేం వద్దన్నాం. మసూర్‌కి కుక్కర్ అక్కర్లేదు, అరగంట లోపే ఉడికిపోతుంది. కుక్కర్లో అన్నీ కలిసి ముద్దయిపోతాయి, ఏ ముక్క రుచి దానికి మిగలదు. చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ కూడా వద్దు. ఉడికిన ముక్కల్లో మూడో వంతు తీసి గరిటెతో మెదిపి మళ్ళీ గిన్నెలో కలిపితే చాలు. దించాక దంచిన మిరియాలు, నిమ్మరసం, కొత్తిమీర. నాన్నకి బీపీ ఉంది కాబట్టి ఉప్పు తక్కువ వేసి నిమ్మకాయ ఎక్కువ పిండాం.

అమ్మకి ఇంకా ఏదో వెలితి. "ఇంగువ, జీలకర్ర పోపు పెట్టమంటావా?" అని మనవరాల్ని అడిగింది. నన్ను కాదు, దాన్ని. అది కాసేపు ఆలోచించి "పక్క గిన్నెలో పెట్టు అమ్మమ్మా, కావాల్సినవాళ్ళు వేసుకుంటారు" అంది.

వడ్డించింది పిల్లలే. నాన్న ముందు కూర్చున్నారు, మావారు కూర్చున్నారు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. చిన్నవాడు చెంచా ముట్టుకోలేదు. చల్లారిపోతుంది తిను నాన్నా అంటే తల అడ్డంగా ఊపాడు. "అమ్మమ్మ కూర్చోలేదు" అన్నాడు. నేను చివర్లో తింటాలే అంది అమ్మ. "కూర్చుంటేనే డిన్నర్" అని వాడు లేచి కుర్చీ లాగాడు. అమ్మ నా వైపు, నాన్న వైపు చూసి కూర్చుంది. ఎవరి కంచంలో ఏముందో ఆ రాత్రి ఎవరూ చూడలేదు. నాన్న ఒక గిన్నె తాగి, రెండోది అన్నంలో పోసుకుని అమ్మ పెట్టిన పోపు కలుపుకున్నారు. చిన్నవాడూ తాతయ్యలాగే కావాలన్నాడు. పెద్దమ్మాయి మాత్రం గిన్నె, చెంచాతోనే తింది. ఆవకాయ ఇప్పటికీ వద్దంటుంది. అననీ, దానికి తొందరేమీ లేదు.

మన సంస్కృతి పిల్లలకి అందించాలి అంటాం. నేనూ అంటాను. కానీ అందించడం మన వైపు నుంచే జరుగుతుందని అనుకుంటే పిల్లలు ఎప్పటికీ తీసుకునేవాళ్ళుగానే మిగిలిపోతారు. ఎడ్మంటన్ బల్ల దగ్గర మాకు అలవాటైన ఆ చిన్న నియమం మా అమ్మకి దొరకాల్సిందే. ఎన్నేళ్ళుగానో ఆ ఇంట్లో ఆవిడ కూర్చుని వేడిగా తిన్నది తక్కువ. దాన్ని మార్చమని నేను ఎన్నడూ అడగలేదు, ఏడేళ్ళవాడు అడిగాడు. అలాగే అమ్మ దగ్గర నుంచి వాళ్ళకి రావాల్సినవి బోలెడున్నాయి. కనుమకి అమ్మ చేసే ముక్కల పులుసు పెద్దమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటానంటోంది. ఎడ్మంటన్‌లో గుమ్మడికి బదులు బటర్‌నట్ స్క్వాష్ సరిపోతుంది, ములక్కాడ ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్‌ది దొరుకుతుంది, చిలగడదుంపకి కొరత లేదు. మిగతాది అమ్మ పొద్దుటి కాఫీ వేళ ఫోన్లో చెబుతుంది.

మీరూ ఇలాంటిది చేయాలనుకుంటే, దిగిన వెంటనే వద్దు. జెట్‌ల్యాగ్‌తో పిల్లలు సాయంత్రానికే తూగుతుంటారు. చుట్టాలు లేని రాత్రి చూసుకోండి, లేకపోతే అదీ ఇంకో ప్రదర్శన అయిపోతుంది. వంటిల్లు ఆవిడది కాబట్టి ముందురోజే అడగండి, ఏ గిన్నె వాడాలో ఆవిడనే తీయమనండి. గట్టి కూరలు పెద్దవాళ్ళు కోసివ్వండి. వడ్డన మాత్రం పిల్లలకే వదిలేయండి, నాలుగు చుక్కలు ఒలికినా తుడుచుకోవచ్చు. మిగిలితే మర్నాటికి చిక్కబడుతుంది, గ్లాసుడు వేడినీళ్ళు పోసి మరిగిస్తే చాలు.