కెచ్ వదిలి కట్టర్ ఎక్కాక

రెండేళ్లు కెచ్ (రెండు మాస్ట్‌లు, అంటే తెరచాప స్తంభాలు ఉండే పడవ) మీద తిరిగి ఇప్పుడు కట్టర్ (ఒకే మాస్ట్, దాని ముందు రెండు తెరచాపలు ఉండే పడవ) నడుపుతున్నాను, అయినా ఏది మేలంటే తడుముకుంటాను. కెచ్‌లో గాలి ముదిరితే పెద్ద తెరచాప దించేసి ముందు జిబ్ అనే తెరచాప, వెనక చిన్న మాస్ట్ మీది మిజెన్ తెరచాప ఉంచితే చాలు, పడవ బుద్ధిగా పోయేది. లంగరు వేశాక మిజెన్ ఒక్కటి బిగించి కడితే ముక్కు గాలికే ఉండేది, హాయిగా నిద్ర పట్టేది.

గాలికి ఎదురెక్కేటప్పుడు మాత్రం మిజెన్ దండగ. పెద్ద తెరచాప చెదరగొట్టిన గాలే దానికి మిగులుతుంది. అక్కడ కట్టరే మేలు, జిబ్ చుట్టేసి దాని వెనకుండే చిన్న తెరచాప, స్టేసెయిల్‌తో లాగించేయొచ్చు. కానీ టాక్ చేసినప్పుడల్లా, అంటే ముక్కును గాలికి ఇటు నుంచి అటు తిప్పినప్పుడల్లా, జిబ్ ఆ స్టేసెయిల్ కట్టే లోపలి స్టే తీగకు తట్టుకుంటుంది! మొన్న చీకట్లో ముందుకు పాకి చేత్తో లాగాల్సి వచ్చింది, తెరచాపను లాగి పట్టే షీట్ తాడు కొట్టిన దెబ్బకి మోచెయ్యి ఇంకా కమిలే ఉంది.