ఉంగరాల జుట్టు: బ్రాండు ఎవరిది, క్రీమ్ రాసేదెప్పుడు

అమెరికాలో ఉంగరాల జుట్టు కోసం నల్లజాతి మహిళలు మొదలుపెట్టిన బ్రాండ్లలో కొన్ని ఇప్పుడు వాళ్ల చేతుల్లో లేవు. అలాంటిదే 2014లో పుట్టిన మియెల్ ఆర్గానిక్స్. దాన్ని 2023లో బహుళజాతి సంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనేసింది. మీ డబ్బు ఎవరికి చేరాలన్నది ముఖ్యమైతే కొనేముందు చూసుకోండి.

ఇక వాడకం. బిగువైన ఉంగరాల్లో మాడు మీది నూనె కొసలదాకా జారదు. అందుకే కొసలే ముందు ఎండి తెగుతాయి. తలస్నానం కాగానే, నీళ్లు కారుతుండగానే జుట్టును నాలుగు పాయలు చేసి లీవ్-ఇన్ కండిషనర్ (కడిగేయకుండా జుట్టుకు వదిలేసేది) పట్టించండి. వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కును కొసల నుంచి పైకి తీయాలి. కుదుళ్ల నుంచి లాగారా, ముడులన్నీ కిందికి చేరి బిగుసుకుంటాయి! ఆ తర్వాతే షియా బటర్ క్రీమ్, కొద్దికొద్దిగా. పొడి జుట్టుకు రాస్తే తేమ నిలవదు, జిడ్డే మిగులుతుంది. అది పేరుకుపోతే పేరుకున్న జిడ్డును వదిలించే క్లారిఫైయింగ్ షాంపూతో ఒకసారి కడిగేయండి.