సిర్రోసిస్ చాప్టర్‌ని నేను చదివిన దారి

నీట్ పీజీకి చదివేవాళ్ళలో చాలామంది సిర్రోసిస్‌ని (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) జాబితాలా బట్టీ కొడతారు. అసైటిస్ (పొట్టలో నీరు), వారిసెస్ (ఉబ్బిన సిరలు), ఎన్‌కెఫలోపతీ (లివర్ జబ్బు వల్ల మెదడు మందగించడం), స్పైడర్ నీవై (చర్మం మీద సాలీడులా కనిపించే సన్న రక్తనాళాలు), అరచేతుల ఎరుపు... నెల తిరిగేసరికి సగం గుర్తుండవు. నేను దాన్ని రక్తప్రసరణ కథగా చదివాను. అందుకే ప్రశ్న మెడిసిన్ నుంచి వచ్చినా, ఫార్మకాలజీ నుంచి వచ్చినా పెద్దగా టెన్షన్ పడలేదు.

మొదలు పోర్టల్ సిర దగ్గర, అంటే పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే సిర. కాలేయానికి వచ్చే రక్తంలో సుమారు 75 శాతం దీని ద్వారానే వస్తుంది. కాలేయంలోని స్టెల్లేట్ కణాలు కొల్లాజెన్ (మచ్చల్లో ఉండే గట్టి ప్రోటీన్) పేర్చి కాలేయాన్ని గట్టిపరిస్తే ఆ రక్తానికి దారి మూసుకుపోతుంది. కోనసీమలో పెరిగినవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు: లాకు తలుపులు దించేస్తే ఎగువన నీరు పోటెత్తుతుంది, గట్టు బలహీనంగా ఉన్నచోట గండి పడుతుంది. ఆ గండ్లే అన్నవాహిక కింది భాగంలో, బొడ్డు చుట్టూ, మలద్వారం దగ్గర ఉబ్బే సిరలు. పోలిక మాత్రం అక్కడితో ఆగిపోతుంది. తలుపు దించితే బ్యారేజీ దగ్గర నీటిని తగ్గిస్తారు. ఒంట్లో జరిగేది దానికి తలకిందులు. రక్తనాళాల్ని వదులుచేసే నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి పెరిగి పేగుల ధమనులు వెడల్పవుతాయి, మూసుకున్న దారి మీదకే ఇంకా ఎక్కువ రక్తం వచ్చి పడుతుంది.

ఈ చాప్టర్‌కి గుండెకాయ ఈ ముక్కే, ఇక్కడ ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు. రక్తమంతా పేగుల వైపు పోగుపడితే మిగతా ధమనుల్లో నిండుదనం తగ్గుతుంది. పొట్టలో లీటర్ల కొద్దీ నీరున్నా కిడ్నీకి మాత్రం కరువే. ఉప్పునీ నీటినీ పట్టి ఉంచే రెనిన్, ఆల్డోస్టిరాన్, ఏడీహెచ్ హార్మోన్లన్నీ లేస్తాయి, ఉప్పూ నీరూ నిలబడిపోతాయి. అసైటిస్‌కి ముందుగా ఆల్డోస్టిరాన్‌ని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ ఎందుకో ఇక బట్టీ పట్టక్కర్లేదు. సోడియం తక్కువగా ఉన్నా ఉప్పు ఎందుకు పెట్టరో కూడా తెలిసిపోతుంది: ఒంట్లో ఉప్పు తక్కువై కాదు, నీరు ఎక్కువై పలచబడింది.

వార్డులో సిర్రోసిస్ ఉన్న ఒక పెద్దాయన, "ఆయ్, బీపీ బిళ్ళలు మానేసినా బీపీ నార్మలేనండి" అని మురిసిపోతూ చెప్పారు. చేతులు వెచ్చగా ఉన్నాయి, నాడి బలంగా కొడుతోంది. ధమనులు వదులైపోయాయి కాబట్టి బీపీ దానంతటదే దిగింది, గుండె ఎక్కువ రక్తం తోడుతోంది. హైపర్‌డైనమిక్ సర్క్యులేషన్ అన్న మాట పుస్తకంలో ఎంత చదివినా ఆ మణికట్టు పట్టుకున్నాకే నాకు ఎక్కింది. మీకు వార్డు పోస్టింగ్ ఇంకా మిగిలుంటే కోచింగ్ వీడియోల కోసం ఎగ్గొట్టకండి.

ఇదే గొలుసు కొసన హెపటోరీనల్ సిండ్రోమ్, అంటే లివర్ జబ్బు వల్ల కిడ్నీ పని తగ్గడం, ఉంది. కిడ్నీ నిర్మాణం బాగానే ఉంటుంది, దానికి రక్తమే చాలదు. టెర్లిప్రెసిన్ అనే మందు పేగుల ధమనుల్ని బిగిస్తుంది, రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ ఎక్కిస్తే రక్తనాళాలు నిండుతాయి. పొట్టలోంచి ఒకేసారి 5 లీటర్లకు మించి నీరు తీస్తే, తీసిన లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఇవ్వడానికీ కారణం ఇదే. సిర్రోసిస్ తీవ్రతని కొలిచే రెండు స్కోర్లలో, చైల్డ్-ప్యూలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) లేదు, మెల్డ్‌లో ఉంది. ఆప్షన్లలో ఆ రెండింటినీ కలిపేస్తారు, జాగ్రత్త.

కొన్ని అంకెలు బట్టీ పట్టక తప్పదు. హెచ్‌వీపీజీ (పోర్టల్ వైపు, కాలేయం నుంచి బయటికి పోయే సిర వైపు ఒత్తిళ్ళ తేడా) 5 ఎంఎం హెచ్‌జీ దాటితే పోర్టల్ హైపర్‌టెన్షన్, 10కి చేరితే వారిసెస్ ఏర్పడే స్థాయి, 12 దాటితే అవి పగిలే ప్రమాదం. పొట్టలోని నీటిలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకు 250 లేదా అంతకు మించి ఉంటే ఎస్‌బీపీ, అంటే ఆ నీటికి ఇన్ఫెక్షన్. సాగ్ (రక్తంలో, పొట్ట నీటిలో ఆల్బుమిన్ తేడా) డెసీలీటరుకు 1.1 గ్రాములు లేదా అంతకు మించితే పోర్టల్ ఒత్తిడే కారణం. గుండె ఫెయిలైనప్పుడూ సాగ్ ఎక్కువే వస్తుంది, కానీ ఆ నీటిలో ప్రోటీన్ డెసీలీటరుకు 2.5 గ్రాములు దాటుతుంది. సిర్రోసిస్‌లో సైనుసాయిడ్ల (కాలేయంలోని సన్న రక్తనాళాలు) చిల్లులు పూడిపోతాయి కాబట్టి ప్రోటీన్ అంతగా బయటికి రాదు.

బొడ్డు కింది సిరల ప్రశ్నని బొమ్మ గీసుకునే చదవండి. పోర్టల్ హైపర్‌టెన్షన్‌లో ఆ రక్తం కిందికి పారుతుంది, ఐవీసీ (ఒంటి కింది భాగం రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద సిర) మూసుకుంటే పైకి. ఊపిరితిత్తుల సంగతికి వస్తే, కూర్చుంటే ఆయాసం పెరిగి పడుకుంటే తగ్గే పేషెంటుని ఇచ్చారంటే హెపటోపల్మనరీ సిండ్రోమ్ (లివర్ జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో రక్తానికి ఆక్సిజన్ సరిగా అందకపోవడం) గుర్తుకు రావాలి. అక్కడ కూడా వెడల్పైన నాళాలే కారణం. చర్మం మీద కనిపించే గుర్తులకు ఒక సాయంత్రం చాలు.

ఆహారం మీద ప్రశ్న వస్తే మన ఇళ్ళలోని అలవాటు మిమ్మల్ని తప్పుదారి పట్టించొచ్చు. లివర్ జబ్బు అనగానే పప్పు, చేప, గుడ్డు అన్నీ మాన్పించి చప్పిడి పత్యం పెడతారు. అసైటిస్ ఉంటే తగ్గించాల్సింది ఉప్పు, అంటే ఆవకాయ, ఎండుచేప. ప్రోటీన్ మాత్రం రోజుకు కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు అందాలి, పడుకునే ముందు కొంచెం తిండి కూడా పడాలి. ఎన్‌కెఫలోపతీ ఉన్నవాళ్ళకీ ప్రోటీన్ ఆపరు, కాబట్టి "ప్రోటీన్ పూర్తిగా నిలిపివేయాలి" అన్న ఆప్షన్‌ని ముందే కొట్టేయండి.