అలంపురం గుళ్ళ నడుమ ఒక ఉదయం

మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కి దిగితే నడిగడ్డ మొదలవుతుంది. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర ఉన్న ఈ నేల మీద ఎర్రవల్లి చౌరస్తాను, ఆ తరువాత అలంపురం చౌరస్తాను చేరి, అక్కడ ఎడమకు తిరిగితే, శనగ, మిరప చేల మధ్య నుంచి దారి సూటిగా అలంపురానికి పోతుంది. మాఘమాసంలో, మహాశివరాత్రి జనం ఇంకా రాకముందు, మా చిన్నమ్మను వెంటబెట్టుకొని నేను ఆ దారిన వెళ్ళాను.

అలంపురానికి వచ్చేవారిలో చాలామంది జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకొని, పక్కనున్న బాలబ్రహ్మేశ్వరునికి మొక్కి, అదే పూట తిరుగు ప్రయాణమవుతారు. తుంగభద్ర ఎడమ ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలనే తొమ్మిది పాత గుళ్ళూ ఒకదానికొకటి నడక దూరంలోనే ఉన్నాయి. దాదాపు పదమూడు వందల ఏళ్ళుగా అదే చోట నిలిచిన రాతి గుళ్ళు కొన్ని అడుగుల దూరంలో ఉండగా వాటిని చూడకుండా వెళ్ళిపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. అందుకే ఈసారి ఏ గుడినీ వదలకుండా, తొందర లేకుండా నడవాలని బయలుదేరాం.

గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే అవ్వ మా చేతికి బుట్ట ఇస్తూ, "ముందుగాల బాలబ్రహ్మయ్య దర్శనం చేసుకోండ్రి, ఆ తరువాత అమ్మవారి కాడికి పోండ్రి" అని చెప్పింది. మేమూ అట్లాగే మొదలుపెట్టాం. తొమ్మిది బ్రహ్మాలయాల్లో ముఖ్యంగా నిత్యపూజలు అందుకునేది బాలబ్రహ్మ ఆలయమే. 8వ శతాబ్దపు ఆరంభం నాటికే ఉన్న ఈ గుడిలో భక్తులు నూనె దీపాలు పెట్టి, నీళ్ళు పోసి, నందిని నిమిరి వెళ్తుంటారు కాబట్టి ఇక్కడి రాయి నల్లగా, నున్నగా మారింది. లోపల సప్తమాతృకల విగ్రహాల దగ్గర చిన్నమ్మ చాలాసేపు నిలబడింది. ఆమె పెళ్ళైన కొత్తలో వచ్చినప్పుడు జోగులాంబ విగ్రహం కూడా ఈ గుడిలోనే ఉండేది. "అప్పుడు అమ్మవారు ఈడనే ఉండె బిడ్డా, ఒక్క గడపలనే ఇద్దరి దర్శనం అయ్యేది" అని ఆమె ఆ చోటు చూపించింది.

బ్రహ్మ పేరు మోస్తున్నా ఈ తొమ్మిదీ శివాలయాలే. బ్రహ్మదేవుడు ఇక్కడ శివుని గురించి తపస్సు చేశాడని, ఆ శివుడే ఇన్ని పేర్లతో వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే ఈ పేర్లకు రససిద్ధులు, అంటే పాదరసంతో, మూలికలతో బంగారం చేయగలరని చెప్పుకునే సిద్ధులు, వాడిన మూలికల పేర్లతో సంబంధం ఉందనే అభిప్రాయం కూడా ఉంది. రససిద్ధుని కథ ఈ ఊరి స్థలపురాణంలో ముఖ్యమైన భాగం కాబట్టి నాకు ఆ రెండో మాట కూడా కొట్టిపారేయదగిందిగా అనిపించలేదు. ఇవన్నీ బాదామి చాళుక్యుల కాలంలో, 7వ, 8వ శతాబ్దాల్లో కట్టినవి. ఈ ఊరి శాసనాలనూ చరిత్రనూ వెలుగులోకి తేవడానికి జీవితమంతా శ్రమించిన అలంపురం పండితుడు గడియారం రామకృష్ణ శర్మ పేరును ఇక్కడ నడిచే ప్రతి ఒక్కరూ తలచుకోవాలి.

స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర మేము మిగతా అన్ని చోట్ల కంటే ఎక్కువసేపు ఉన్నాం. బాదామి చాళుక్య చక్రవర్తి వినయాదిత్యుని కాలంలో, అంటే 681 నుంచి 696 వరకు సాగిన పాలనలో, లోకాదిత్య ఎళా అరస అనే అతను రాణి గౌరవార్థం దీనిని కట్టించాడని ఇక్కడి శాసనం వల్ల తెలుస్తుంది. చతురస్రపు గర్భగుడి, దాని చుట్టూ పైకప్పు ఉన్న ప్రదక్షిణ మార్గం, ముందు స్తంభాల మండపం, బయటి గోడల్లో గాలీ వెలుతురూ రావడానికి రాతిలోనే చెక్కిన జాలీ కిటికీలు, వీటన్నిటి మీద మెల్లగా లోపలికి వంగుతూ పైకి పోయే రేఖానాగర శిఖరం, ఆ శిఖరం కొసన ఉసిరికాయ ఆకారపు ఆమలకం: ఉత్తరాది పద్ధతి గుడి ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి మన దక్షిణ తెలంగాణవాళ్ళు ఎక్కడికో పోనక్కరలేదు. శిఖరం ముందు భాగంలో గూడు వంటి చట్రంలో నాట్యం చేసే శివుడున్నాడు. బయటి గోడల గూళ్ళలో దిక్పాలకులు తమ తమ దిక్కుల్లో నిలిచారు. గుడి చుట్టూ బయటి నుంచి ఒకసారి, లోపలి మార్గంలో ఒకసారి తిరిగితే తప్ప కట్టినవాని ఆలోచన పూర్తిగా అర్థం కాదు. వెలుతురులో శిల్పాలు చూస్తూ తిరిగిన మనిషి లోపలి సన్నని దారిలోకి రాగానే, జాలీల నుంచి పడే కొద్దిపాటి వెలుగు తప్ప చూడడానికి ఏమీ లేక, నడుస్తున్న అడుగు మీదా లోపలి లింగం మీదా మనసు పెట్టక తప్పదు.

లోకాదిత్యుని శాసనం సంగతి చిన్నమ్మకు చెప్పాను. ఆమె అక్షరాల వైపు చూసి, "మరి చెక్కినోళ్ళ పేర్లు ఏడ ఉన్నయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న తరువాతి ప్రతి గుడి దగ్గరా నాతో వచ్చింది.

విశ్వబ్రహ్మ, పద్మబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, వీరబ్రహ్మ ఆలయాలు దాదాపు ఇదే పద్ధతిలో ఉన్నవే. కొన్నింటి శిల్పం ఎక్కువ, కొన్నింటిది తక్కువ. పురాణ కథలతో పాటు పంచతంత్ర కథలు, దంపతుల బొమ్మలు, పూల లతలు కూడా ఈ గుళ్ళ రాతిలో చోటు చేసుకున్నాయి. అర్కబ్రహ్మ చాలావరకు శిథిలమైంది. తారకబ్రహ్మ మాత్రం వీటన్నిటికీ భిన్నంగా దక్షిణాది ద్రావిడ పద్ధతిలో కట్టింది. అదీ కొంత శిథిలమైంది, గర్భగుడిలో మూర్తి లేదు. ఒకే ఊళ్ళో, ఒకే రాజవంశం నీడలో రెండు పద్ధతుల స్థపతులు, అంటే గుడి కట్టే శిల్పులు, పనిచేశారంటే, ఒకరి పని ఒకరు చూసి మాట్లాడుకొనే ఉంటారని నాకు గట్టిగా అనిపించింది.

గుళ్ళ పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. మేము వెళ్ళేసరికి కొందరు ఆడవాళ్ళు అక్కడ చక్కెర పంచుతున్నారు. మా చేతుల్లోనూ పెట్టారు. చిన్నమ్మ కళ్ళకద్దుకొని నోట్లో వేసుకుంది.

అక్కడి నుంచి జోగులాంబ ఆలయానికి చేరుకున్నాం. అష్టాదశ శక్తిపీఠాల వరుసలో ఇది ఐదవది. సతీదేవి పై దంతాలు పడిన చోటని నమ్మకం. 14వ శతాబ్దపు దండయాత్రలో పాత ఆలయం కూలినప్పుడు అమ్మవారి విగ్రహాన్ని, చండీ ముండీ విగ్రహాలను బాలబ్రహ్మ ఆలయంలోకి చేర్చి కాపాడారు. ఆరు శతాబ్దాలకు పైగా అమ్మవారు అక్కడే పూజలందుకొని, 2005లో పాత చోటనే కట్టిన ఈ కొత్త ఆలయంలోకి తిరిగి వచ్చింది. చిన్నమ్మ చూపించిన చోటికీ ఈ గర్భగుడికీ మధ్య మేము నడిచింది కొన్ని నిమిషాలే అయినా, అంతటి సుదీర్ఘకాలం తమ ఊరి దేవతకు సొంత గుడి కట్టాలన్న మాట మరవని వాళ్ళ పట్టుదల తలచుకుంటే నా గొంతు పూడుకుపోయింది. గుడి చుట్టూ నీటి గుండం ఉంది. ఉగ్రరూపిణి అయిన తల్లిని చల్లబరచడానికే ఈ నీళ్ళని పెద్దలు చెబుతారు. అమ్మవారి జటల్లో బల్లి, తేలు, కపాలం వంటివి కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన పిల్లలు భయపడవచ్చు గాని, చిన్నమ్మ వంటివారికి ఆ రూపంలో కనబడేది ఇంటి కీడునంతా తన తల మీద వేసుకున్న తల్లి. 2016లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి జోగులాంబ గద్వాల అని పేరు పెట్టడం ఈ ప్రాంతపు వారందరికీ నచ్చిన విషయమే.

నది వైపు వెళ్తే రక్షణ కట్ట అడ్డంగా కనబడుతుంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు వెనుకకు తన్నే నీటి నుంచి ఊరినీ గుళ్ళనూ కాపాడడానికి కట్టింది అది. అయినా 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర కర్నూలుతో పాటు అలంపురాన్నీ ముంచెత్తింది. కట్ట మీద నుంచి చూస్తే ఒకవైపు నది, మరొకవైపు శిఖరాలు ఒకేసారి కనిపిస్తాయి. శ్రీశైలానికి పశ్చిమ ద్వారమని ఈ ఊరికి పేరు. ఆ శ్రీశైలం దగ్గర కట్టిన ఆనకట్ట నీరే ఇక్కడి కొన్ని గుళ్ళను కదిలించింది.

అట్లా కదిలినవాటిని చూడడానికి మాత్రం ఆటో ఎక్కాం, చిన్నమ్మ మోకాళ్ళు అప్పటికే నొప్పెడుతున్నాయి. పాపనాశి దగ్గర 9వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా కట్టిన ఇరవైకి పైగా చిన్న గుళ్ళను ముంపు నుంచి తప్పించి, ఎత్తైన చోట మళ్ళీ నిలబెట్టారు. నవబ్రహ్మల వంపు శిఖరాలు వీటికి లేవు, మెట్లు మెట్లుగా పైకి తగ్గే కప్పులున్నాయి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయాన్ని కూడా రాయి వెంట రాయి విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి పేర్చారు. ఎత్తైన అధిష్ఠానం, అంటే రాతి పీఠం మీద, చుట్టూ ప్రాకారంతో ఉన్న ఆ గుడి నాకు స్వర్గబ్రహ్మ తరువాత అన్నిటికంటే నచ్చింది. దీని గోడలను నేను ప్రత్యేకంగా దగ్గరికి వెళ్ళి చూశాను. అంత బరువైన రాళ్ళను విప్పి మళ్ళీ అదే వరుసలో కూర్చిన కూలీల, ఇంజనీర్ల పని, మొదట కట్టినవారి పనికి ఏమాత్రం తీసిపోదు.

చిన్నమ్మ ప్రాకారం అరుగు మీద కూర్చొని, శ్రీశైలానికి మిగతా ద్వారాలు ఏవో చెప్పమంది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన మన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం అని చెప్పాను. ఉమామహేశ్వరం కొండ మెట్లు ఎన్ని ఉంటాయని, తన మోకాళ్ళు ఓర్చుకుంటాయా అని అడిగింది. బండి చాలా దూరం పైకి పోతుందని చెప్పగానే, శివరాత్రి జనం తగ్గాక వెళ్దామని అక్కడే నిశ్చయించుకున్నాం.